సింగపూర్–లండన్: విమానం చూసి టికెట్ కొనే అలవాటు

ఈ దారిలో పని మీద ఏళ్ల తరబడి తిరుగుతున్నాను. ఎక్కువసార్లు ఎకానమీలోనే. ఆఫీసువాళ్లకు దయ కలిగితే ప్రీమియం ఎకానమీ. సింగపూర్ నుంచి లండన్‌ 11 వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ. వెళ్లేటప్పుడు దాదాపు 14 గంటలు, వచ్చేటప్పుడు గాలి వీపున తోస్తుంది కాబట్టి ఓ గంట తక్కువ. అంతసేపు ఒకే కుర్చీలో కూర్చోవాలంటే భోజనం, సినిమాలు రెండో సంగతి. ముందు తేలాల్సింది ఆ కుర్చీ ఏ విమానంలో ఉందన్నది.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఒక్కటే ఈ దారిలో మూడు రకాలు తిప్పుతోంది. లండన్‌లోని హీత్రో విమానాశ్రయానికి ఎయిర్‌బస్ ఏ380, బోయింగ్ 777-300ఈఆర్. లండన్‌కే ఉన్న మరో విమానాశ్రయం గాట్విక్‌కు ఎయిర్‌బస్ ఏ350-900. నా తీర్పు ముందే చెప్పేస్తాను: రాత్రి ప్రయాణానికి ఏ380, పగటి ప్రయాణానికి ఏ350, ఈ రెండూ కుదరనప్పుడు 777. 777 చెడ్డదని కాదు. దానిలో ఎకానమీవాడికి మిగిల్చిన చోటే తక్కువ.

ఎంత తక్కువో చూడండి. ఏ380లో మొత్తం 471 సీట్లు: సూట్లు (గదుల్లాంటి ఫస్ట్ క్లాస్) 6, బిజినెస్ 78, ప్రీమియం ఎకానమీ 44, ఎకానమీ 343. 777-300ఈఆర్‌లో 264: ఫస్ట్ 4, బిజినెస్ 48, ప్రీమియం 28, ఎకానమీ 184. ఏ350లో 253: బిజినెస్ 42, ప్రీమియం 24, ఎకానమీ 187. చివరి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే విచిత్రంగా ఉంటుంది. 777-300ఈఆర్ పొడవు దాదాపు 74 మీటర్లు, ఏ350-900 పొడవు 67 మీటర్ల లోపు. అయినా పొడుగు విమానంలోనే ఎకానమీ సీట్లు మూడు తక్కువ. ఆ ఏడు మీటర్లూ ముందు వరుసల్లో కాళ్లు చాపుకున్నవాళ్లకు పోయాయి. పండగ సెలవుల్లో 777కి టికెట్ వెతికినప్పుడల్లా ‘ఇంత పెద్ద విమానంలో సీటే లేదా’ అనుకునేవాణ్ని. పెద్దదే, కాకపోతే మనకు కాదు.

ఏ380 కథ ఇంకా తమాషా. 2007 అక్టోబరులో ప్రపంచంలోనే మొదటిసారి ఈ విమానాన్ని ప్రయాణికులతో నడిపింది సింగపూర్ ఎయిర్‌లైన్సే, సిడ్నీకి. 2008 మార్చిలో లండన్‌కు మొదలుపెట్టింది. అప్పుడు కూడా మొత్తం సీట్లు 471. ఇప్పుడూ 471. పైకి చూస్తే ఏమీ మారలేదు. లోపల మాత్రం, అప్పట్లో సూట్లు 12, బిజినెస్ 60, ఎకానమీ 399. అంటే పదేళ్లలో కేబిన్ మారేసరికి ఎకానమీలో 56 సీట్లు ఎగిరిపోయాయి, సూట్లు సగమయ్యాయి, బిజినెస్ పెరిగింది, ప్రీమియం ఎకానమీ కొత్తగా వచ్చి కూర్చుంది. ఒక మార్గంలో ‘కెపాసిటీ తగ్గలేదు’ అని ఎవరైనా అంటే నేను మొత్తం సంఖ్య చూడను, వెనక కేబిన్‌లో ఎన్ని ఉన్నాయో చూస్తాను.

ఇక కూర్చున్నాక ఎలా ఉంటుంది? ఏ380 కింది అంతస్తు కేబిన్ వెడల్పు దాదాపు 6.5 మీటర్లు, వరుసకు 3-4-3, పది మంది. నడవలతో కలిపి లెక్క వేస్తే మనిషికి 65 సెంటీమీటర్లు. 777 వెడల్పు 5.87 మీటర్లు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 3-3-3 వేసింది కాబట్టి అక్కడా 65 వస్తుంది. ఏ350 5.61 మీటర్లు, 3-3-3, మనిషికి 62. ఇదే 777లో చాలా సంస్థలు 3-4-3 కుక్కేస్తాయి, అప్పుడు మనిషికి 59 కూడా రాదు. అలాంటి వరుసలో మధ్యలో ఇరుక్కుని ఒక రాత్రంతా చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం, ఆ ఏర్పాటు ఎక్కడున్నా అంతే. కాగితం మీద ఆరేడు సెంటీమీటర్లే. పక్కవాడి మోచేయి మన భోజనం ట్రేలోకి వస్తుందా రాదా అన్నది ఆ ఆరేడు సెంటీమీటర్లే తేలుస్తాయి.

ఏ380లో కిటికీ సీటు కావాలంటే ఒక మాట. కింది అంతస్తులో గోడ బయటికి వంపు తిరిగి ఉంటుంది. భుజానికీ గోడకూ మధ్య జానెడు ఖాళీ, తల ఆనించుదామంటే గోడ అందదు. కిటికీ లోపలి పలకకీ బయటి అద్దానికీ మధ్య కూడా చాలా ఎడం, వంగి చూస్తే గానీ నేల కనబడదు. కిటికీ పక్కన తలవాల్చి నిద్రపోయే అలవాటున్నవాళ్లు దుప్పటి మడిచి ఆ సందులో దూర్చుకోవాలి, నేనదే చేస్తాను. ఇంత చెప్పినా రాత్రి ప్రయాణానికి దానికే ఓటు వేయడానికి కారణం నిశ్శబ్దం. టేకాఫ్‌లో ఇంజిన్లు పూర్తి జోరు మీదున్నప్పుడు కూడా పక్క సీటువాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడొచ్చు. 777లో రెక్క దగ్గర కూర్చుంటే ఆ జీఈ90 ఇంజిన్ల హోరు ఎముకల్లోకి వెళ్తుంది. 115 వేల పౌండ్ల థ్రస్ట్ (తోసే బలం) ఒక్కోదానిది, ఊరికే పోతుందా! విమానాల పిచ్చి ఉన్నవాళ్లకు ఆ మోత సంగీతమే. నాకు రాత్రి రెండు గంటలకల్లా నిద్ర పట్టాలి.

ఏ350 గుణం దిగాక తెలుస్తుంది. కార్బన్ ఫైబర్ ఒళ్లు కావడంతో కేబిన్‌లో గాలి ఒత్తిడిని 6,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉంచగలుగుతారు. 777లో అది 8,000 అడుగుల వరకూ పోతుంది. 14 గంటల తర్వాత ఆ తేడా తలనొప్పి రూపంలోనో, తలనొప్పి లేకపోవడం రూపంలోనో బయటపడుతుంది. గొంతు తక్కువ ఎండుతుంది. దిగిన రోజే మీటింగ్ ఉంటే నేను గాట్విక్‌కు వెళ్లడానికైనా సిద్ధం. ఆ సర్వీసు 2024 జూన్‌లో వారానికి ఐదు రోజులతో మొదలైంది.

అసలు ఇంత ఖర్చుతో నాలుగు ఇంజిన్ల ఏ380ని ఈ దారిలో ఎందుకు ఉంచారు? జవాబు హీత్రోలో ఉంది. రెండే రన్‌వేలు, ఏడాదికి 4,80,000 రాకపోకలకు మించకూడదని పరిమితి. కొత్త స్లాట్ దొరకడం గగనం. 2016లో ఒమన్ ఎయిర్ ఒక జత స్లాట్ల కోసం 7.5 కోట్ల డాలర్లు పెట్టిందని వార్తలు వచ్చాయి, విమానం కాదు, దిగి ఎగిరే హక్కు మాత్రమే. పైగా సింగపూర్ నుంచి రాత్రి పదకొండు దాటాక బయల్దేరి లండన్‌లో తెల్లవారుజామున ఆరింటి ప్రాంతంలో దిగే వేళ అందరికీ కావాలి, అక్కడేమో రాత్రి విమానాల మీద ఆంక్షలు. రెండు 777లు పంపితే 528 సీట్లు వస్తాయి, రెండు స్లాట్లు కావాలి. ఒక ఏ380 పంపితే ఒకే స్లాట్‌లో 471. లెక్క అక్కడికక్కడే తేలిపోయింది.

పూర్తిగా తేలిందని కూడా అనలేం. ఏ380 వెనక వచ్చే విమానానికి గాలి సుడుల వల్ల ఎక్కువ ఎడం ఇవ్వాలి, అందుకే కంట్రోలర్లతో మాట్లాడేటప్పుడు పైలట్లు విమానం పేరు చివర ‘సూపర్’ అని చేరుస్తారు. రెండంతస్తులు కదా, సరుకుకు బోలెడు చోటు ఉంటుందనుకుంటాం. ఉల్టా. ఏ380 పొట్టలో ఎల్‌డీ3 కంటైనర్లు (సామాను, సరుకు సర్దే పెట్టెలు) 38 పడతాయి, 777-300ఈఆర్‌లో 44. ఆ 38లోనే 471 మంది సామాను కూడా సర్దాలి. సరుకు రవాణా ఆదాయం చూసుకునే సంస్థకు 777 ఎందుకు ముద్దో దీన్నిబట్టి అర్థమవుతుంది. మనం పైన కూర్చుని సీట్ల గురించి తగువులాడుతుంటాం, కింద పెట్టెలు తమ వంతు నిర్ణయం తీసుకుంటూ ఉంటాయి.

పెద్ద విమానం బాధలు ఏ380కి ఉండవని కాదు. ఎక్కేటప్పుడు రెండు అంతస్తులకూ వేర్వేరు వంతెనలు ఉంటాయి కాబట్టి సింగపూర్ విమానాశ్రయం చాంగీలో ఇబ్బంది లేదు. దిగాక అసలు కథ. తెల్లవారుజామున 471 మందీ ఒక్కసారే హీత్రో టెర్మినల్ 2 కారిడార్‌లో పడతారు, అదే సమయానికి ఆసియా నుంచి వచ్చే మిగతా విమానాలూ దిగుతాయి. 2019 నుంచి సింగపూర్ పాస్‌పోర్టువాళ్లకు ఈ-గేట్లు (పాస్‌పోర్టును యంత్రమే చూసి పంపే గేట్లు) తెరిచారు, వాళ్లు చకచకా వెళ్లిపోతారు. భారత పాస్‌పోర్టుతో ఉన్నవాళ్లం మామూలు క్యూలోకి. నేను వెనక వరుస సీటు ఎప్పుడూ తీసుకోను, ఈ ఒక్క కారణానికే. ముందు దిగిన వంద మందికీ చివరి వంద మందికీ తేడా ఇమిగ్రేషన్ దగ్గర ముప్పావు గంట దాకా ఉంటుంది.

విమానం మార్పు ఇంకో బెడద. సాంకేతిక లోపంతోనో, మరో కారణంతోనో ఏ380 బదులు 777 పెట్టారనుకోండి, 207 సీట్లు గాలిలో కలిసిపోతాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ దగ్గర ఇప్పుడున్న ఏ380లు 12, ప్రత్యామ్నాయంగా ఊరికే నిలబెట్టుకునే సంఖ్య కాదది. ఒక సంస్థలో నాకు ఇలాగే జరిగింది: ముందే డబ్బు కట్టి తీసుకున్న నడవ సీటు విమానం మారగానే మాయమై, నాలుగు సీట్ల వరుస మధ్యలో తేలాను. అప్పటినుంచి బయల్దేరే ముందు రోజు సీట్ మ్యాప్ తెరిచి చూడడం అలవాటు. గుర్తుపట్టడం తేలిక. ఎకానమీలో వరుసకు పది అక్షరాలుంటే ఏ380. తొమ్మిది ఉంటే 777 కావచ్చు, ఏ350 కావచ్చు. ముందు నాలుగు ఫస్ట్ క్లాస్ సీట్లు కనిపిస్తే 777, లేకపోతే ఏ350.

కుదుపుల గురించి అడుగుతుంటారు. చిన్న చిన్న కుదుపులను ఏ380 బరువు మింగేస్తుంది, బంగాళాఖాతం మీద అది నాకు బాగా అనుభవం. కానీ పెద్ద కుదుపు ఏ విమానాన్నీ లెక్కచేయదు. 2024 మేలో లండన్ నుంచి సింగపూర్ వస్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం ఎస్‌క్యూ321, 777-300ఈఆర్, మయన్మార్ మీద తీవ్రమైన కుదుపులో చిక్కుకుని బ్యాంకాక్‌లో దిగింది, ఒక ప్రయాణికుడు చనిపోయారు. ఆ తర్వాత సీట్ బెల్ట్ గుర్తు వెలిగితే వేడి పానీయాలతో పాటు భోజనం వడ్డన కూడా ఆపేస్తున్నారు. కొందరు విసుక్కుంటారు. నేను మాత్రం నిద్రలో కూడా బెల్ట్ వదులుగా పెట్టుకునే ఉంటాను, దుప్పటి పైనుంచి, సిబ్బందికి కనిపించేలా. లేకపోతే లేపుతారు.

ఈ దారిలో ఏ380 నడిపేది ఒక్క సంస్థే కాదు. సిడ్నీ నుంచి సింగపూర్ మీదుగా లండన్ వెళ్లే ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ విమానమూ అదే, 485 సీట్లది. 2010 నవంబరు 4న ఇంజిన్ పేలి చాంగీకి తిరిగి వచ్చిన క్వాంటాస్ 32 కూడా ఇదే దారిలోది, లండన్ నుంచి వచ్చి సిడ్నీకి బయల్దేరిన ఏ380. అందులో ఉన్న 469 మందీ క్షేమంగా దిగారు. నాలుగు ఇంజిన్లు దండగని ఎవరైనా అన్నప్పుడు నాకు అది గుర్తొస్తుంది. రెండు ఇంజిన్ల విమానాలు సురక్షితం కాదని దీని అర్థం కాదు, మనసుకు సర్దిచెప్పుకోవడమే.

మరి ఇవి ఎన్నాళ్లు? ఎయిర్‌బస్ చివరి ఏ380ని 2021 డిసెంబరులో ఎమిరేట్స్‌కు ఇచ్చేసి 251 దగ్గర ఆపేసింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ మొదట్లో నడిపిన వాటిలో రెండింటిని ఫ్రాన్స్‌లోని టార్బ్‌లో ముక్కలు చేసి విడిభాగాలుగా అమ్మారు, అప్పటికి వాటి వయసు పదేళ్లు దాటిందంతే. కోవిడ్‌లో కొన్నింటిని ఆస్ట్రేలియాలో ఆలిస్ స్ప్రింగ్స్ ఎడారిలో నిలిపేసినప్పుడు ఇక అయిపోయిందనుకున్నాం. 2021 నవంబరులో మళ్లీ లండన్‌కు ఎగిరింది.

వీటి తర్వాతి వంతు బోయింగ్ కొత్త విమానం 777-9ది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 31 ఆర్డర్ చేసింది. తొలి విమానం అందించేది ఎప్పుడంటే బోయింగ్ మొదట 2020 అంది, ఇప్పుడు 2027 అంటోంది. రెక్కల చివరలు మడుచుకుంటాయి కాబట్టి ఏ380కి కావలసినంత వెడల్పు గేట్లు దానికి అక్కర్లేదు. లోపలి గోడలు పలచన చేసి కేబిన్‌ను పాత 777 కన్నా 10 సెంటీమీటర్లు వెడల్పు చేశారు, పది మంది వరుసకు వీలుగా ఉండడం కోసమే. పది మందిని కూర్చోబెడితే మనిషికి 60 సెంటీమీటర్ల లోపే వస్తుంది. తొమ్మిది మందితో ఆపితే నా తీర్పులో వరస మార్చి దాన్నే పైన పెడతాను. ఆ విమానం సీట్ మ్యాప్ వచ్చిన రోజున నేను మొదట వెతికేది సూట్లు ఎలా ఉన్నాయని కాదు, ఎకానమీ వరుసలో పదో అక్షరం ఉందా లేదా అని.