క్లెప్టోమేనియాలో ఒత్తిడి: మందు మేలా, మానసిక చికిత్స మేలా?

క్లెప్టోమేనియా అంటే అవసరం లేని వస్తువులనైనా దొంగిలించాలన్న తహతహను ఆపుకోలేని మానసిక సమస్య. అది ఉన్నవారి ఇంట్లోవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: మందులు వాడించాలా, కౌన్సెలింగ్ సరిపోతుందా? దీన్ని తేల్చే ముందు, ఆ మనిషిని ఎక్కువగా నలిపేస్తున్నది దొంగతనానికి ముందు వచ్చే ఒత్తిడా, తరవాత మిగిలే ఒత్తిడా అన్నది చూడాలని నా అభిప్రాయం.

ఇంట్లో అరడజను దువ్వెనలున్నా, సూపర్‌మార్కెట్‌లో ఇరవై రూపాయల దువ్వెన కంటబడగానే గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమట పడుతుంది, అది సంచిలో పడేదాకా మనసు కుదుటపడదు. పడిన క్షణాన కలిగే హాయి ఇల్లు చేరేసరికే ఆవిరై, సిగ్గూ, పట్టుబడతానన్న భయమూ, కట్టుకున్నవారికి సైతం చెప్పుకోలేని గుట్టూ మిగులుతాయి. కొందరిలో ఈ రెండో ఒత్తిడే పేరుకుని మళ్లీ చేయి చాపేలా చేస్తుంది.

మందుల్లో చెప్పుకోదగ్గది, మద్యం వ్యసనానికి వాడే నాల్‌ట్రెక్సోన్. ఇది మెదడులో హాయిని కలిగించడంలో పాత్ర ఉన్న ఓపియాయిడ్ గ్రాహకాలను అడ్డుకుని ఆ హాయిని పలచబరుస్తుంది. 2009లో అమెరికాలో 25 మందికి 8 వారాల పాటు, మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చేసిన పరీక్షలో, దొంగిలించాలన్న తహతహ, దొంగతనాలు రెండూ స్పష్టంగా తగ్గాయి. అయితే వికారం కలగవచ్చు. కాలేయ పరీక్షలు అవసరం. మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ నొప్పి మందులు వాడేవారికి ఇది పనికిరాదు. దిగులుకు వాడే ఎస్సిటలోప్రామ్ అనే మందు 2007 నాటి పరీక్షలో ఉత్తుత్తి మాత్రను మించలేదు కనుక, దిగులు కూడా ఉన్నప్పుడే దాని అవసరం.

మానసిక చికిత్సకు అంత పకడ్బందీ పరీక్షలు లేవు. ఆధారాల్లో ఎక్కువ భాగం విడివిడి రోగుల అనుభవాలే. అయినా నా మొగ్గు దీనివైపే, ఎందుకంటే గుట్టును ముట్టుకునేది ఇదొక్కటే. తహతహ ఏ వేళ, ఏ గొడవ తరవాత పుట్టిందో రోగి నోట్‌బుక్‌లో రాసుకుంటారు. ఒళ్లు సడలించి కూర్చుని, ఆ దువ్వెనను చూసి కూడా తీయకుండా దుకాణం బయటికి వచ్చేసినట్టు మళ్లీ మళ్లీ ఊహించుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏళ్ల తరబడి దాచుకున్న మాటను తప్పుపట్టని మనిషి ముందు మొదటిసారి పైకి అంటారు.

యోగా, ప్రాణాయామం తోడుగా మంచివే కానీ వాటితోనే సరిపెట్టకూడదు. ఇంట్లోవారు సంచులు వెతకడం గుట్టును ఇంకా పెంచుతుంది.

తహతహ రోజూ వేధిస్తూ, చెప్పింది చెవికెక్కే స్థితి కూడా లేనప్పుడు మాత్రం మానసిక వైద్యుల సలహాతో మందుతోనే మొదలుపెట్టి, కాస్త నెమ్మదించాక మానసిక చికిత్సను జోడించడం మేలు. బయటపడితే పరువు పోతుందని వెనకాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: చికిత్స వివరాలు గోప్యంగా ఉండే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చింది. మొదటి మాట ఫోన్లో చెప్పుకోవాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.