తేదీల రెజ్యూమెనా, స్కిల్స్ రెజ్యూమెనా? చదువు పూర్తవుతున్నవాళ్లకు ఏది మేలు?

చదువు చివరి ఏడాదికి వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. చదువు, ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టులు తేదీలతో సహా, కొత్తవి పైన, పాతవి కింద వచ్చేలా రాయాలా? లేక ఎలాగూ ఉద్యోగం చేసిన అనుభవం లేదు కదా అని స్కిల్స్‌నే శీర్షికలుగా పెట్టి తేదీలను అడుగున సర్దేయాలా? దీని వెనకాలే ఇంకో ప్రశ్న వస్తుంది: కవర్ లెటర్ నిజంగా అవసరమా?

స్కిల్స్ పద్ధతిని కొట్టిపారేయలేం. పేజీ వెలితిగా కనిపించదు. మధ్యలో చదువు ఆపి మళ్లీ మొదలుపెట్టినవాళ్లకు, ఒకటి చదివి వేరే రంగంలోకి వెళ్లాలనుకునేవాళ్లకు అది కొంత ఊరట. కానీ రోజూ రెజ్యూమెలు చూసేవాళ్లకు తేదీలు కనబడకపోతే ముందు కలిగేది అనుమానమే. దాచాల్సిందేమీ లేని విద్యార్థి ఆ అనుమానాన్ని ఎందుకు కొనితెచ్చుకోవాలి?

ద లాడర్స్ అనే ఉద్యోగాల సంస్థ 2012లో రిక్రూటర్ల చూపు రెజ్యూమె మీద ఎలా కదులుతోందో గమనించింది. మొదటి చూపుకు పట్టింది సుమారు 6 సెకన్లు. 2018లో మళ్లీ చూస్తే 7.4 సెకన్లు. 2012లో ఆ కాస్త సమయంలో వాళ్ల కళ్లు ఎక్కువగా వెతికినవి పేరు, ఎక్కడ ఏ పని చేశారు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఏం చదివారు అన్నవే. అంటే స్కిల్స్ రెజ్యూమె సరిగ్గా వాళ్లు వెతికేదాన్నే అడుగుకి నెడుతోంది.

అయినా నా దృష్టిలో అసలు తేడా తేదీల దగ్గర లేదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు రెజ్యూమెలో ఒక లైన్ చదవగానే అడగడానికి ఒక ప్రశ్న దొరుకుతుందా లేదా అన్నదే నాకు ముఖ్యం. ఒకే విద్యార్థి ఒకే పనిని రెండు రకాలుగా రాశాడనుకుందాం. స్కిల్స్ పద్ధతిలో: "ఎక్సెల్‌లో మంచి పట్టు, టీమ్ వర్క్, ఒత్తిడిలో పనిచేయగలగడం." తేదీల పద్ధతిలో: "కాలేజీ ఫెస్ట్ రిజిస్ట్రేషన్ బృందం, జనవరి–మార్చి: 400 మంది వివరాలను ఎక్సెల్‌లో ఒకచోట చేర్చి, రెండుసార్లు నమోదైనవాళ్లను వేరుచేశాను." మొదటిది చదివినవాళ్లు అడగడానికి ఏమీ లేక పక్క పేరాకి వెళ్లిపోతారు. రెండోది చదివినవాళ్లు మాత్రం "రెండుసార్లు నమోదైనట్టు ఎలా కనిపెట్టావు?" అని తప్పకుండా అడుగుతారు. అప్పుడా అబ్బాయి, పేర్లతో వెతికితే ఒకే పేరున్నవాళ్లు కలిసిపోయారని, అందుకే ఫోన్ నంబర్లతో పోల్చి చూశానని చెబుతాడు. ఎక్సెల్ వచ్చని, బుర్ర పెట్టి పనిచేస్తాడని ఆ ఒక్క జవాబుతో తేలిపోతుంది. ఇంటర్వ్యూలో టెన్షన్ పడేవాళ్లకు ఇంతకంటే మంచి రక్షణ నాకు తెలియదు. ఎందుకంటే రాబోయే ప్రశ్నను మీరే ఎంచి పెట్టుకున్నట్టు అవుతుంది.

"నాకు ఇంటర్న్‌షిప్ కూడా లేదు, తేదీలు పెట్టి ఏం రాయను?" అంటారు చాలామంది. కోర్సులో చేసిన ప్రాజెక్టు, ల్యాబ్‌లో జూనియర్లకు సాయం చేసిన సెమిస్టర్, సెలవుల్లో దుకాణంలో చేసిన పని, ఇంట్లో చిన్నవాళ్లకు చెప్పిన ట్యూషన్ అన్నీ రాయదగ్గవే. ఎక్కడ, ఎప్పుడు, మీరు చేసింది ఏమిటి అన్న మూడూ చెప్పగలిగితే చాలు. గ్రూప్ ప్రాజెక్టు అయితే మీ వంతు మాత్రమే రాయండి. "మేం యాప్ తయారుచేశాం" కంటే "అందులో లాగిన్ భాగం నేను రాశాను" అన్నది నిలబడే మాట.

రెండూ కలిపిన పద్ధతి కూడా ఉంది. పైన రెండు లైన్లలో స్కిల్స్, కింద తేదీలతో పనులు. ఆ పై లైన్లలో పెట్టిన ప్రతి స్కిల్‌కూ కింద ఎక్కడో ఒక చోట రుజువు ఉంటే ఇది బాగుంటుంది. రుజువు చూపలేనిదాన్ని తీసేయండి.

ఏ పద్ధతి ఎంచుకున్నా, వచ్చిన దరఖాస్తులను చదివి వడపోయడానికి కంపెనీలు వాడే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్ దాన్ని చదవగలగాలి. రెండు నిలువు వరుసల రంగుల టెంప్లేట్లు, టెక్స్ట్ బాక్సులు, స్కిల్ ఎంత వచ్చో చూపించే చుక్కలు దానికి తరచూ అర్థం కావు. దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. పీడీఎఫ్‌లో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఫోన్ నంబర్ మాయమైనా, ఒక ప్రాజెక్టు వివరం ఇంకో ప్రాజెక్టు కిందికి వెళ్లినా ఆ టెంప్లేట్‌ని వదిలేయండి. వీడియో రెజ్యూమె అడిగితే పంపండి, అడగకపోతే అక్కర్లేదు.

ఇక కవర్ లెటర్. అందరికీ ఒకటే లెటర్ పంపి కంపెనీ పేరు మాత్రం మార్చడం ఒక దారి, ఏదీ రాయకుండా రెజ్యూమె మాత్రమే పంపడం ఇంకో దారి, ఆ ఉద్యోగం కోసమే చిన్నగా రాయడం మూడోది. మొదటిదానికంటే రెండోదే నయం. రెజ్యూమెలో ఉన్నదే మళ్లీ వాక్యాల్లో చదివించడం వల్ల ఒరిగేదేమీ లేదు. నా మొగ్గు మాత్రం మూడోదానికే. ఇందుకు నాకు బాగా నచ్చే ఉదాహరణ లియొనార్డో డావిన్చీది. 1482 ప్రాంతంలో మిలాన్‌ను ఏలుతున్న లుడొవికో స్ఫోర్జాకు పని కోరుతూ ఆయన ఒక లేఖ సిద్ధం చేసుకున్నాడు. ఆ పాలకుడికి కావలసింది యుద్ధ సామగ్రి. అందుకే మోసుకెళ్లగల వంతెనలు, ఫిరంగులు, సొరంగాలు, కప్పున్న యుద్ధ బండ్ల గురించి ముందు రాశాడు. శిల్పం, చిత్రకళ చివర్లో వస్తాయి. వీటిలో ఏదైనా అసాధ్యం అనిపిస్తే చేసి చూపించడానికి సిద్ధమని కూడా రాశాడు. తనకు బాగా వచ్చినదాన్ని కాకుండా ఎదుటివాళ్లకు కావలసినదాన్ని ముందు పెట్టడం, రుజువు చూపిస్తాననడం. మీ లెటర్‌లోనూ ఈ రెండూ ఉంటే అర పేజీ చాలు.

ఆచరణలో ఇలా చేయండి. ఉద్యోగ ప్రకటనలో రెండు మూడు సార్లు కనబడిన పనేమిటో చూడండి. దానికి దగ్గరగా మీరు చేసిన పని ఒక్కటి తీసుకుని, రెజ్యూమెలో పట్టని వివరం చెప్పండి: ఎక్కడ చిక్కొచ్చింది, ఎలా విప్పారు. ఎప్పటి నుంచి చేరగలరో చెప్పి ముగించండి. ఈమెయిల్‌లో పంపుతుంటే, వేరే ఫైలు అడగనప్పుడు, దాన్నే మెయిల్‌లో రాసేయండి. దాన్ని ఏఐతో రాయిస్తే భాష నున్నగా వస్తుంది గానీ ఆ చిక్కు సంగతి దానికి తెలియదు. ముందు మీ మాటల్లో రాసి, అచ్చుతప్పులు సరిచేయించుకోవడం వరకు దాన్ని వాడుకోవచ్చు.

సమయం తక్కువగా ఉంటే ఇరవై చోట్లకు ఒకే లెటర్ పంపే బదులు, మీకు నిజంగా నచ్చిన నాలుగైదు ఉద్యోగాలకే ఇలా రాయండి. మిగతావాటికి రెజ్యూమెలో ఆ ఉద్యోగానికి దగ్గరగా ఉన్న ప్రాజెక్టును పైకి జరిపి, లెటర్ తప్పనిసరి కాని చోట ఆ రెజ్యూమె మాత్రమే పంపేయండి.