వరస లెక్కలా, కలిపిన లెక్కలా: పదో తరగతికి ఏది మేలు?

దసరా సెలవులు అయినప్పటి నుంచి అనంతపురంలో నా ట్యూషన్‌కు వచ్చే పిల్లల తల్లిదండ్రులు ఒకే మాట అడుగుతున్నారు. "సార్, ఈ పాఠం చెప్తానే మధ్యలో పాత పాఠాల లెక్కలు కూడా ఇస్తాండారంట. పిల్లోడు గందరగోళ పడతాండాడు. పోయినేడు మాదిరి వరసగానే చేయించొచ్చు కదా?" నిన్న ఒకమ్మ ఫోన్లో దాదాపు ఏడ్చినంత పని చేసింది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే వివరంగా రాస్తేనే మంచిదనిపించింది.

వరస పద్ధతి అందరికీ తెలిసిందే. బోర్డు మీద రెండు లెక్కలు చేసి చూపిస్తాం, అభ్యాసంలో మిగతావన్నీ పిల్లలు అదే దారిలో చేసుకుంటూ పోతారు. నేను చదువుకున్నదీ అట్లే, పదేళ్లకు పైగా చెప్పిందీ అట్లే. దాన్ని తీసిపారేయలేను. కొత్త సంగతి చెప్పిన రోజు చెయ్యి తిరగాలంటే ఒకే రకం లెక్కలు నాలుగైదు చేయాల్సిందే. వర్గ సమీకరణాన్ని కారణాంకాలుగా విడగొట్టడం అప్పుడే నేర్చుకున్న పిల్లాడి ముందు వెంటనే త్రికోణమితి లెక్క పెడితే రెండూ చెడతాయి. లెక్కలంటే భయపడే పిల్లలకు వరసగా నాలుగు సరిగ్గా రావడం చాలా ధైర్యం కూడా.

మరి పాత పాఠాల లెక్కలు కూడా కలిపి ఇచ్చే పద్ధతికి నేను ఎందుకు మారాను? పోయిన సంవత్సరం దిద్దిన ఒక ప్రీ-ఫైనల్ పేపరు వల్ల.

అందులో ఒక లెక్క ఇది: కింద స్థూపం, పైన శంఖువు ఆకారంలో ఒక గుడారం. అడుగు వ్యాసం 4 మీటర్లు, స్థూపం ఎత్తు 2.1 మీటర్లు, శంఖువు ఏటవాలు ఎత్తు 2.8 మీటర్లు. గుడ్డ ఎంత కావాలి? రెండింటి వక్రతల వైశాల్యాలు కూడితే 44 చదరపు మీటర్లు, మూడు లైన్ల పని. ఆ పేపరు బాగా చదివే అమ్మాయిది. ఆమె పైథాగరస్ సిద్ధాంతంతో శంఖువు నిట్టనిలువు ఎత్తు కనుక్కుని, వర్గమూలం తీసి, రెండు ఘనపరిమాణాలూ కూడి, చివర ఘనపు మీటర్లు అని అందంగా రాసి కింద గీత గీసింది. కూడికల్లో, గుణకారాల్లో ఒక్క తప్పు లేదు. సూత్రాలూ తప్పు లేవు. అడిగింది మాత్రం అది కాదు.

పిలిచి అడిగితే, "తెలుసు సార్, నోట్సులో ఇదే లెక్క చేసినా కూడా" అంది. నోట్సు తెప్పించి చూశాను. నిజమే, సరిగ్గా చేసింది. ఎక్కడ చేసింది? ఉపరితల వైశాల్యాల అభ్యాసంలో. అక్కడ ప్రతి లెక్కా ఉపరితల వైశాల్యమే. తర్వాతి అభ్యాసంలో ప్రతిదీ ఘనపరిమాణమే. ఏది కనుక్కోవాలో పైనున్న హెడ్డింగే చెప్పేస్తుంటే, ఆ అమ్మాయి ఏడాదంతా ఒక్కసారి కూడా "ఇది ఏ లెక్క?" అని తనను తాను అడగాల్సిన అవసరమే రాలేదు. తప్పు ఆమెది కాదు, నాది. పబ్లిక్ పరీక్ష పేపర్లో పాఠం పేరు ఉండదు. రైలు వేగం లెక్క కనిపిస్తే రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలా, వర్గ సమీకరణమా అన్నది పిల్లే తేల్చుకోవాలి. సూత్రం గుర్తుండటం ఒక ఎత్తు, ఏ సూత్రమో పట్టుకోవడం ఇంకో ఎత్తు. వరస లెక్కలు మొదటిదే నేర్పుతాయి. వరస లెక్కలా, కలిపిన లెక్కలా, ఏది మేలో నా దృష్టిలో తేలేది ఇక్కడే.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అమెరికాలో డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే పరిశోధకులు 2007లో కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణాలు నేర్పారు. నేర్చుకునేటప్పుడు వరసగా చేసినవాళ్లు 89 శాతం సరిగ్గా చేస్తే, కలిపి చేసినవాళ్లు 60 శాతమే చేశారు. వారం తర్వాత పరీక్ష పెడితే వరసవాళ్లు 20 శాతానికి పడిపోయారు, కలిపి చేసినవాళ్లకు 63 శాతం వచ్చింది. బడి పిల్లల మీద కూడా చూశారు. 2020లో వచ్చిన రోరర్ బృందం అధ్యయనంలో 54 ఏడో తరగతి సెక్షన్లున్నాయి. అందరికీ అవే లెక్కలు, ఇచ్చే క్రమం మాత్రమే తేడా. నెల తర్వాత ముందుగా చెప్పకుండా పెట్టిన పరీక్షలో కలిపి చేసినవాళ్లకు 61 శాతం, వరసవాళ్లకు 38 శాతం.

ఆ 89, 60 అంకెలను తల్లిదండ్రులు ఇంకోసారి చూడాలి. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. కలిపి చేసేటప్పుడు తప్పులు ఎక్కువ వస్తాయి, గంటలో పన్నెండు లెక్కలు అయ్యేచోట ఏడే అవుతాయి, బిడ్డ వెనకబడుతున్నట్టు కనిపిస్తుంది. ఏడాది మధ్యలో బడిలో పెట్టే ఎఫ్‌ఏ పరీక్షలో రెండు మార్కులు తగ్గితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. మన శనక్కాయ రైతును అడగండి. మొత్తం వాన ఒక్క రోజే దంచితే వంకలు పారతాయి, చూడటానికి బాగుంటుంది. చేను పండాలంటే మాత్రం పదును ఆరేలోపు మళ్లీ ఒక వాన, మళ్లీ ఒక వాన పడాలి. మరిచిపోయే వేళకు పాత లెక్క మళ్లీ ఎదురుపడటం కూడా అలాంటిదే.

నేను చేస్తున్నది ఇది. కొత్త పాఠం చెప్పిన రోజు వరస లెక్కలే, నాలుగో ఐదో. మరుసటి రోజు నుంచి పదిలో నాలుగు కొత్తవి, ఆరు పాతవి. పాత లెక్కలన్నీ చీటీల మీద రాసి ఒక ఖాళీ స్వీటు డబ్బాలో వేశాను. చీటీ మీద పాఠం పేరుండదు, అభ్యాసం నంబరుండదు. చీటీ తీసిన పిల్ల పెన్ను ముట్టకముందు ఏం అడుగుతున్నారో, ఏ సూత్రమో, ఎందుకో నోటితో చెప్పాలి. తర్వాత కింద కూర్చుని కడప బండ మీద సుద్దముక్కతో బొమ్మ గీయాలి. గుడారం గీసి, "గుడ్డ బయట చుట్టూ వస్తుంది కదా సార్, అడుగున రాదు" అని పిల్ల అన్నదంటే ఆ లెక్క ఇక పోదు. కొన్ని చీటీలకు సూత్రం చెప్పించి వదిలేస్తాను, పూర్తిగా చేయించను. టైమ్ అక్కడ మిగులుతుంది.

వీడియో పాఠాల గురించి కూడా అడుగుతున్నారు. ఒకసారి అర్థం కానిది మళ్లీ వినడానికి పనికొస్తాయి, అంతవరకే. చూసినంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉంటుంది. గైడు జవాబులు చూసి ఎత్తి రాయడం గురించి మాట్లాడే పనే లేదు.

ఇంట్లో కొనసాగించాలంటే మీకు లెక్కలు రావాల్సిన పని లేదు. అయిపోయిన పాఠాల నుంచి రోజుకు ఐదు చీటీలు తీయించండి, "ఇది ఏ లెక్క, ఎట్ల తెలిసింది?" అని అడగండి. బిడ్డ తడబడితే కోప్పడకుండా ఆ చీటీని మళ్లీ డబ్బాలోనే వేయించండి, నాలుగు రోజులకు తిరిగి వస్తుంది. పబ్లిక్ పరీక్షలు మార్చిలో కాబట్టి సంక్రాంతికి మొదలుపెట్టినా రెండు నెలలుంటాయి. ఫిబ్రవరి ఆఖర్లో అడిగేవాళ్లకు మాత్రం కొత్త పాఠం ఏదీ ముట్టుకోవద్దని, వచ్చిన పాఠాలతోనే డబ్బా నింపమని చెప్తాను.