రోజుకో మజిలీనా, ఒకే మకామా? ఒంటరి బైక్ యాత్రలో ప్రకృతి ఫోటోలకు ఏది మేలు

వారం పది రోజులు ఒంటరిగా మోటార్‌సైకిల్ మీద తిరిగి కొండలను, సరస్సులను, తీరాలను కెమెరాకెక్కించాలనుకునేవారు ఎక్కువగా ఏ బైక్, ఏ లెన్స్ అన్న చర్చతోనే సన్నాహం మొదలుపెడతారు. ఆ రెండింటికంటే ముందుగా తేల్చుకోవలసినది రాత్రులు ఎక్కడ గడుపుతామన్నది. ప్రతి రాత్రీ కొత్త చోట బస చేస్తూ ముందుకు సాగిపోవడం ఒక పద్ధతి. ఒక చోట మకాం వేసి, సామాను గదిలో ఉంచి, రోజుకొక దిక్కుకు వెళ్లి రాత్రికి అక్కడికే తిరిగి రావడం రెండో పద్ధతి. ఈ రెండింటికీ నడుమ, మజిలీకి రెండేసి రాత్రులు ఉంటూ మెల్లగా కదిలే మూడో దారి కూడా ఉంది. నా మొగ్గు ఆ మూడో దానివైపే. అయితే నేల తీరును బట్టి, ఋతువును బట్టి మొదటి రెండింటిలో ఒకటి దానిని మించిపోయే సందర్భాలు కూడా ఉన్నాయి.

ఏ పద్ధతినైనా తూచవలసిన మొదటి తూకం వెలుతురు. సూర్యుడు దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు కాంతి వాయుమండలంలో ఎక్కువ దూరం ప్రయాణించి వెచ్చని రంగు తేలుతుంది, నీడలు పొడవుగా సాగి నేల ఎగుడుదిగుళ్లను చూపిస్తాయి. భూభ్రమణం వల్ల ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు. పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే విషువత్తుల రోజుల్లో భూమధ్యరేఖ వద్ద అతడు దాదాపు నిలువుగా పైకి లేస్తాడు కనుక దిగంతం నుంచి 6 డిగ్రీల ఎత్తుకు చేరడానికి 24 నిమిషాలు చాలు. అదే రోజున 60 డిగ్రీల అక్షాంశం వద్ద వాలుగా లేస్తాడు కనుక అదే ఎత్తుకు సుమారు 48 నిమిషాలు పడుతుంది. అంటే ఉష్ణమండలంలో తిరిగేవారికి మంచి వెలుతురు పొద్దున అరగంట, సాయంత్రం అరగంట మాత్రమే దొరుకుతుంది. ఆ అరగంటకు కెమెరా ఎక్కడ ఉందన్నదే అసలు ప్రశ్న, పగలంతా ఎన్ని కిలోమీటర్లు నడిపామన్నది దాని తర్వాత వస్తుంది.

రోజుకో మజిలీ పద్ధతిలో ఆ అరగంట చాలాసార్లు దారిలోనే గడిచిపోతుంది. 300 కిలోమీటర్ల కొండ దారిని తీసుకుంటే, సగటున గంటకు 45 కిలోమీటర్లు నడపగలిగినా ఆరున్నర గంటలకు పైగా బండి మీదే కూర్చోవాలి. పావుగంట చొప్పున పది చోట్ల ఆగితే మరో రెండున్నర గంటలు పోతాయి. భోజనానికి, పెట్రోలుకు, ఒళ్లు విరుచుకోవడానికి ఇంకో గంట వేసుకుంటే, ఉదయం ఎనిమిదింటికి బయలుదేరినవారు గమ్యం చేరేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. ఆ పది ఆగుళ్లలో అధికభాగం నడినెత్తిన ఎండ ఉన్న వేళలోనే పడతాయి. ఇక సరిగ్గా కొండ అంచు ఎర్రబడే సమయానికి ఒంటరి ప్రయాణికుడి మనసులో చీకటి పడకముందే బస చేరాలన్న తొందర మొదలవుతుంది. ఆగాలా, సాగాలా అన్న ఆ తర్జనభర్జనలో తెలివైనవారు సాగడాన్నే ఎంచుకుంటారు, ఎంచుకోవాలి కూడా, ఎందుకంటే ముందున్న దారి ఎలా ఉంటుందో వారికి తెలియదు. మర్నాడు ఉదయం పరిస్థితి కూడా అంత మెరుగ్గా ఉండదు. సూర్యోదయానికి వెళ్లి తిరిగివచ్చి, సామాను కట్టి, మళ్లీ 300 కిలోమీటర్లు నడపాలన్న ఆలోచన చాలామందిని పడక దగ్గరే ఓడిస్తుంది.

మకాం పద్ధతి ఇక్కడే తన బలం చూపిస్తుంది. ఎండ తీవ్రంగా ఉన్న వేళ ఒక చోటికి వెళ్లి, బండి ఎక్కడ నిలపవచ్చు, కొండ ఏ వైపు నుంచి వెలుగుతుంది, ముందుభాగంలో పెట్టుకోవడానికి రాయి ఉందా, చెట్టు ఉందా అని చూసుకుని, అస్తమయానికి మళ్లీ అక్కడికే రావచ్చు. ఫోటోపిల్స్ వంటి యాప్‌లు ఏ తేదీన సూర్యుడు ఏ దిక్కున దిగుతాడో ముందే చూపిస్తాయి గానీ, ఆ దిక్కున కరెంటు తీగలు అడ్డం ఉన్నాయా లేవా అన్నది కళ్లతో చూస్తే తప్ప తెలియదు. రెండో లాభం మరింత ముఖ్యమైనది. అస్తమయం దాకా ఉన్నవారు చీకట్లో తిరిగి రావాలి, ఉదయం కోసం చీకట్లోనే బయలుదేరాలి. సంధ్యవేళల్లో జంతువులు దారి దాటుతాయి, చలి ప్రాంతాల్లో నీడ పడే మలుపుల్లో పల్చటి మంచుపొర కనిపించకుండా పరుచుకుంటుంది, దిగంతంలోని సూర్యుడు హెల్మెట్ వైజర్ మీద గీతలన్నింటినీ ఒక్కసారిగా వెలిగించి ఎదురుగా ఏమీ కనిపించకుండా చేస్తాడు. ఈ ప్రమాదాలు మకాం వేసినవారికి కూడా తప్పవు. కానీ పగలు ఒకసారి నడిపి చూసిన దారిలో గుంత ఎక్కడుందో, గులకరాళ్లు ఏ మలుపులో పేరుకున్నాయో వారికి తెలుసు. తెలియని దారిలో రాత్రి నడపడానికీ తెలిసిన దారిలో నడపడానికీ మధ్య ఉన్న తేడాను, పక్కన తోడు లేనివారు తక్కువగా అంచనా వేయకూడదు.

ఒంటరితనం మరో లెక్కను కూడా మారుస్తుంది. ఇద్దరు వెళితే ఒకరు బండ్ల దగ్గర ఉండి మరొకరు గుట్ట ఎక్కవచ్చు. ఒక్కరే అయినప్పుడు, వారం రోజుల సామాను కట్టిన బండిని రోడ్డు పక్కన వదిలి అరకిలోమీటరు నడిచి జలపాతం దగ్గరికి వెళ్లే ధైర్యం అందరికీ చాలదు. వెళ్లినా చెవి వెనక్కే ఉంటుంది. ఫలితంగా చిత్రాలన్నీ రోడ్డు అంచు నుంచి తీసినవే అవుతాయి, రోడ్డు అంచు నుంచి తీసిన చిత్రాలన్నింటికీ ఒకే ఎత్తు, ఒకే కోణం ఉంటాయి. మకాంలో సామాను దించేసి వచ్చినవారి బండి తేలికగా ఉంటుంది, ఇరుకు మట్టిదారిలోకి తిప్పుకోవడం సులువు, విలువైనదంతా భుజాన ఉన్న సంచిలోనే ఉంటుంది కనుక నడవడానికి జంకు ఉండదు. బరువైన ట్రైపాడ్ తీసుకువెళ్లడం కూడా అప్పుడే అర్థవంతం. రోజూ ఊడదీసి మళ్లీ కట్టవలసిన ట్రైపాడ్ మూడో రోజు నుంచి బయటికి రాదు.

పరికరాల సంరక్షణ విషయంలో కూడా మొగ్గు మకాం వైపే ఉంటుంది. అధిక శక్తిగల మోటార్‌సైకిల్ ఇంజిన్ల కంపనాలకు దీర్ఘకాలం గురైతే ఐఫోన్ కెమెరాలోని చిత్ర స్థిరీకరణ, ఆటోఫోకస్ వ్యవస్థలు దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థ 2021లో స్వయంగా హెచ్చరించింది. దారి చూపడానికీ ఫోటోలకూ ఒకే ఫోన్‌ను నమ్ముకుని, రోజుకు ఏడు గంటలు హ్యాండిల్‌కు బిగించి నడిపేవారు ఈ మాటను పట్టించుకోవాలి. దారి చూపే పని పాత ఫోన్‌కు అప్పగించి, ఫోటోలు తీసే ఫోన్‌ను జేబులో పెట్టుకోవడం తేలికైన మార్గం. పెద్ద కెమెరాకు కూడా పెట్రోలు ట్యాంకు మీద బిగించే ట్యాంక్ బ్యాగ్ మేలు, వెనుక చక్రం ఇరుసుకు అవతల వేలాడే పెట్టె, అంటే టాప్ బాక్స్‌లో ప్రతి గుంతకూ ఎగిరిపడే దెబ్బ ఎక్కువ. ఇక తీసిన చిత్రాల నకలు మాట. రోజూ కదిలేవారి మెమరీ కార్డులూ, నకలు పెట్టిన డిస్కూ ఒకే బండి మీద ఉంటాయి, అది పోతే రెండూ పోతాయి. మకాం వేసినవారు ఒకటి గదిలో ఉంచి వెళ్లగలరు.

ఇంతవరకు చదివితే తీర్పు ఏకపక్షంగా తోస్తుంది, కానీ వాతావరణం దగ్గర త్రాసు ఊగుతుంది. ఒక సాయంత్రం మేఘాలు కమ్మితే మకాం వేసినవారు మర్నాటి దాకా ఆగగలరు, మజిలీ మారేవారికి ఆ చోటు చేజారినట్టే. అయితే అల్పపీడనం ఒకే ప్రాంతం మీద నాలుగు రోజులు కూర్చుంటే, ముందే డబ్బు కట్టిన గదిలో కిటికీ నుంచి వాన చూస్తూ గడపవలసిన వాడు మకాం వేసినవాడే. కదిలేవాడు పర్వతానికి అవతలి వైపు, వాన అంతగా పడని వర్షచ్ఛాయలోకి, దాటిపోగలడు. రెండు మూడు రోజుల ముందస్తు సూచన చాలావరకు నమ్మదగినదే కానీ వారం ముందటిది అంత నమ్మకంగా ఉండదు. కాబట్టి ఏ పద్ధతిలో వెళ్లినా బసలన్నీ ముందే ఖరారు చేసుకోకపోవడమే ఫోటోగ్రాఫర్‌కు లాభం.

రోజుకో మజిలీకి అనుకూలమైన నేల ఎలా ఉంటుందో చూడాలంటే ఐస్‌లాండ్ దగ్గరికి వెళ్లాలి. ఆ దీవిని చుట్టివచ్చే ఒకటో నంబరు రహదారి సుమారు 1,300 కిలోమీటర్లు. చూడదగినవాటిలో ఎన్నో ఆ దారిని అంటిపెట్టుకునే ఉంటాయి, అవన్నీ ఏ ఒక్క మకాం నుంచీ అందవు. జూన్ 21 ప్రాంతంలో రాజధాని రేక్యవిక్‌లో సూర్యుడు అర్ధరాత్రి దాటాక అస్తమించి మూడు గంటలు తిరగకుండానే ఉదయిస్తాడు. వాలు వెలుతురు గంటల తరబడి నిలిచి ఉంటుంది, చీకటి భయమే లేదు. అక్కడ పగలు నిద్రపోయి రాత్రి నడిపితే రోజుకో మజిలీ పద్ధతికున్న పెద్ద లోపం మాయమైపోతుంది. గాలి మాత్రం బండిని పక్కకు తోసేస్తుంది, దానికి ఏ పద్ధతీ విరుగుడు కాదు. దారి వదిలి నేల మీదికి బండి దింపడం అక్కడ చట్టరీత్యా నేరం కనుక, ఫోటో కోసం నాలుగడుగులు లోపలికి పోనిద్దామనుకునేవారు ఆ ఆలోచన మానుకోవాలి.

దీనికి సరిగ్గా ఎదురు నిలిచే నేల ఇటలీలోని డోలమైట్ పర్వతాలు. సెల్లా శిఖర సముదాయం చుట్టూ సెల్లా, పోర్దోయి, గార్దేనా, కాంపొలొంగో అనే నాలుగు కనుమలు ఉన్నాయి, వాటిని కలుపుతూ చుట్టివచ్చే దారి 60 కిలోమీటర్లు కూడా ఉండదు. అదే రాతి గోడ తూర్పు నుంచి ఉదయం ఒకలా, పడమటి నుంచి సాయంత్రం మరోలా వెలుగుతుంది. అక్కడ ఏదో ఒక లోయ గ్రామంలో మకాం వేసి నాలుగు రోజులు ఉన్నా కెమెరాకు పని తరగదు. ఒక్క రాత్రి ఉండి దాటిపోయినవారు ఆ మలుపులను ఆస్వాదించి ఉండవచ్చు గానీ, ఆ రాతిని చూసినట్టు కాదు.

లద్దాఖ్ ఈ రెండింటికీ లొంగని మూడో రకం. లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. 3,000 మీటర్లు దాటాక నిద్రించే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచవద్దన్నది పర్వత వైద్యంలో సాధారణంగా పాటించే నియమం కనుక, మైదానం నుంచి వచ్చినవారు తొలి రోజులు లేహ్‌లోనే ఆగడం ఫోటోల కోసం కాకపోయినా ప్రాణం కోసం అవసరం. ఆ రోజుల్లో సింధు లోయలోని ఆరామాలు, దగ్గరి దారులు మకాం నుంచే చక్కగా అందుతాయి. కానీ పాంగాంగ్ సరస్సు అక్కడికి 160 కిలోమీటర్ల దూరంలో, చాంగ్ లా కనుమకు అవతల ఉంది. పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి చేరి, ఫోటోలు తీసుకుని సాయంత్రానికి తిరిగివచ్చేవారికి ఆ నీటి మీద తొలి వెలుతురు ఎప్పటికీ దొరకదు. మకాం పద్ధతి అక్కడ ఓడిపోతుంది. శరీరం ఎత్తుకు అలవాటుపడ్డాక సరస్సు ఒడ్డున రాత్రి గడపవలసిందే.

ఇప్పుడు రెండేసి రాత్రుల పద్ధతిని లెక్క వేసి చూద్దాం. ఒక్క రాత్రి ఉన్న చోట ఒక సాయంత్రం, ఒక ఉదయం దొరుకుతాయి, అందులో సాయంత్రం అలసటతో, ఉదయం సామాను తొందరతో సగం చెడిపోతాయి. రెండు రాత్రులు ఉంటే రెండు సాయంత్రాలు, రెండు ఉదయాలు వస్తాయి. వాటిలో నడుమనున్న ఉదయం, సాయంత్రం పూర్తిగా మనవి, ఆ రోజంతా సామాను గదిలోనే ఉంటుంది. మొదటి సాయంత్రం చోటు చూసుకోవడానికి, చివరి ఉదయం మిగిలిపోయిన ఒక్క చిత్రానికి పనికొస్తాయి. మూడు రాత్రులు ఉంటే మరో పూర్తి రోజు అదనంగా వస్తుంది కానీ, మొత్తం వారమే చేతిలో ఉన్నవారికి అది ఒక కొత్త లోయను వదులుకోవడంతో సమానం. కదిలే రోజున దూరాన్ని 200 కిలోమీటర్ల లోపు పెట్టుకుంటే, ఉదయం ఫోటోలు ముగించి, ఎండ ముదిరిన వేళను బండికి అప్పగించి, సాయంత్రపు వెలుతురుకు ముందే కొత్త చోటు చేరవచ్చు. ఫోటోకు పనికిరాని గంటలే బండి నడపడానికి సురక్షితమైన గంటలు కావడం ఈ పద్ధతికి కలిసివచ్చిన అదృష్టం. దారిలో మబ్బు పడితే అడవులు, జలపాతాలు మధ్యాహ్నం కూడా చక్కగా పలుకుతాయి కాబట్టి ఆ గంటలు కూడా పూర్తిగా వృథా కావు.

రోజుకో మజిలీ పద్ధతి ఇచ్చేది ఒకటి ఉంది, దానిని మిగిలిన రెండూ ఇవ్వలేవు. నేల మారుతున్న తీరు, మైదానం గుట్టగా, గుట్ట పర్వతంగా లేచే క్రమం, ఎడతెగని దారి, ఆ దారిలో చిన్నదైపోయిన బండి ఇవే చిత్రాలకు వస్తువు అయినప్పుడు నిరంతర గమనమే సరైనది. ప్రయాణ కథనం చెప్పదలచినవారు, టైమర్ పెట్టి తామూ బండీ చట్రంలోకి వచ్చేలా తీసుకునేవారు రోజుకో మజిలీ వేసుకోవచ్చు. ఒక్కో దృశ్యాన్ని దాని ఉత్తమమైన వేళ పట్టుకోవాలనుకునేవారు మాత్రం ఆ పనికి పూనుకోకూడదు.

ఏడు రోజులు ఉన్నవారికి నా సూచన మూడు చోట్ల, చోటుకు రెండు రాత్రులు. వాటిలో మూడో మజిలీ ఇంటికి అన్నింటికంటే దగ్గరగా ఉండాలి. చివరి రోజున చేతిలో కెమెరా ఉండదు, ఒంట్లో వారం రోజుల అలసట ఉంటుంది, ఆ తిరుగు ప్రయాణం 250 కిలోమీటర్లు దాటకుండా చూసుకుంటే చాలు. నాలుగు రోజులే ఉన్నవారు లెక్కలన్నీ పక్కనపెట్టి ఒకే మకాం వేసుకోవడం మేలు. తాము వెళ్లే దారిని, తిరిగివచ్చే వేళను బస యజమానికి చెప్పి బయలుదేరే వీలు కూడా ఒకే మకాంలోనే ఉంటుంది, చీకటి పడ్డాక రాకపోతే వెతకడానికి ఒక మనిషి ఉంటాడు.