ఫెర్మా పరీక్షా, మిల్లర్-రాబిన్ పరీక్షా?

వందల అంకెలున్న బేసి సంఖ్య n ప్రధాన సంఖ్యేనా అని తేల్చడానికి భాగహారాలు చేస్తూ కూర్చుంటే పని జరగదు. ఫెర్మా పరీక్ష తేలిక: 1కీ n−1కీ మధ్య ఒక సంఖ్య aను బేస్‌గా తీసుకుని, aని n−1 ఘాతానికి హెచ్చించి nతో భాగిస్తే శేషం 1 రావాలి. రాకపోతే n సంయుక్త సంఖ్యే, అనుమానం లేదు. వస్తే మాత్రం నమ్మలేం. 561 (3×11×17) తనతో ఉమ్మడి కారణాంకం లేని ప్రతి బేస్‌కూ 1 శేషమే ఇస్తుంది. ఇలాంటి కార్మైకేల్ సంఖ్యలు అనంతంగా ఉన్నాయని 1994లో నిరూపించారు కూడా.

మిల్లర్-రాబిన్ ఇదే లెక్కను మెట్లుమెట్లుగా చూస్తుంది. 561నే బేస్ 2తో చూద్దాం: n−1 = 560 = 16×35 కాబట్టి ముందు 2ను 35వ ఘాతానికి హెచ్చిస్తాం: శేషం 263. అక్కడి నుంచి వర్గాలు చేస్తూ పోతే 166, 67, 1. ప్రధాన సంఖ్య విషయంలో 1కి ముందు మెట్టు 1 గానీ n−1 గానీ అయి తీరాలి. ఇక్కడ 67 వచ్చింది, దొరికిపోయింది! పైగా 67−1కీ 561కీ గ.సా.భా. 33, అంటే కారణాంకం కూడా చేతికొచ్చింది.

శ్రమ రెండింటికీ దాదాపు ఒకటే. అందుకే ఫెర్మాను ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించదు. అలాగని ఒక్క బేస్‌తో ఆగకండి: 2047 (23×89) బేస్ 2తో మిల్లర్-రాబిన్‌నూ దాటేస్తుంది. 9 దాటిన ఏ బేసి సంయుక్త సంఖ్యకైనా మోసపోయే బేస్‌లు నాలుగో వంతుకు మించవు. 64 బిట్ల లోపు సంఖ్యలకు 2 నుంచి 37 వరకున్న 12 ప్రధాన సంఖ్యలు బేస్‌లుగా చాలు, జవాబు ఖాయం. ప్రోగ్రాంలో గుణకారాన్ని మాత్రం 128 బిట్లలో చేయండి, లేకపోతే లబ్ధం 64 బిట్లలో పట్టక ఓవర్‌ఫ్లో అయి అసలైన ప్రధాన సంఖ్యే తప్పిపోతుంది.