స్ప్లిట్ ఏసీకి స్మార్ట్ థర్మోస్టాట్ అని అమ్ముతున్నారు, జాగ్రత్త! ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు వాళ్లు తప్పక చదవండి

గది వేడిని బట్టి యంత్రాన్ని ఆన్, ఆఫ్ చేసేందుకు గోడకి బిగించే గుండ్రటి స్మార్ట్ థర్మోస్టాట్‌ని "ఏ ఏసీకైనా, ఏ గీజర్‌కైనా పనిచేస్తుంది, కరెంటు బిల్లు సగానికి సగం తగ్గుతుంది" అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. దయచేసి కొనకండి. ఇప్పటికే కొనేసి ఇంకా బిగించకపోతే, బిగించకండి. మన ఇళ్లలో ఉండే స్ప్లిట్ ఏసీకి గానీ, విండో ఏసీకి గానీ ఆ వస్తువు పనికిరాదు. పనికిరాకపోవడం ఒక్కటే అయితే డబ్బులు పోయాయనుకుని ఊరుకోవచ్చు. కానీ తెలియక కరెంటుకి కలిపితే షాక్ కొట్టొచ్చు, మంటలూ రావచ్చు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రాయగడలో మా చిన్నాన్న వాళ్లది పై అంతస్తు. వేసవిలో డాబా వేడికి రాత్రంతా ఏసీ నడవాల్సిందే. బిల్లు వచ్చిందంటే పిన్నికి టెన్షన్. ప్రకటనలో స్ప్లిట్ ఏసీ ఫొటో, దాని పక్కనే ఈ పరికరం ఫొటో ఉన్నాయి. చిన్నాన్న ఊరికే నమ్మలేదు, అమ్మేవాళ్లకి ఫోన్ చేసి మరీ అడిగారు. "ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది సార్, మీ ఊళ్లో ఏ ఎలక్ట్రీషియన్ అయినా బిగించేస్తాడు" అన్నారు అవతలివాళ్లు. ఆ మాట పచ్చి అబద్ధం.

పార్సిల్ వచ్చింది. ఎలక్ట్రీషియన్ కుర్రాడు వెనక ప్లేటు గోడకి బిగించాడు. ఆ ప్లేటు మీద వైర్లు గుచ్చే చిన్న చిన్న బెజ్జాలు, ఒక్కోదాని పక్కన ఒక్కో ఇంగ్లీషు అక్షరం: ఆర్, సి, డబ్ల్యూ, వై, జి. ఆర్ అంటే రెడ్ కాబట్టి ఫేజ్ అయ్యుంటుందని, స్విచ్‌బోర్డు నుంచి ఎర్ర వైరు లాగి, కొసన తొడుగు ఒలిచి, అందులో పెట్టబోయాడు. అదృష్టం బాగుండి మా మావయ్య అక్కడే ఉన్నారు. పేపర్ మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసి రిటైరైన మనిషి. కళ్లజోడు పెట్టుకుని ప్లేటు అడుగున ఉన్న సన్న అక్షరాలు చదివి, "ఆగు బాబూ, ఇది 24 వోల్టులది. నువ్వు పెట్టేది 230" అన్నారు. కుర్రాడి చెయ్యి అక్కడే ఆగిపోయింది. అతన్ని తప్పుపట్టలేం. పెట్టెలో ఉన్న కాగితంలో మన ఇళ్ల గురించి ఒక్క ముక్క లేదు.

ఇంతకీ ఈ వస్తువు దేనికంటే, అమెరికా వంటి చోట్ల ఇల్లంతటికీ కలిపి ఒకే వేడి యంత్రం, ఒకే కూలింగ్ యంత్రం ఉంటాయి. గాలి గొట్టాల ద్వారా అన్ని గదులకీ వెళుతుంది. ఆ యంత్రం దగ్గర ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కరెంటుని 24 వోల్టులకి దించి, సన్నని వైర్ల మీద గోడ దగ్గరికి పంపుతుంది. ఆర్ అంటే ఆ 24 వోల్టుల సరఫరా, డబ్ల్యూ వేడికి, వై చల్లదనానికి, జి ఫ్యానుకి. సి అనేది పరికరానికి ఎప్పుడూ కరెంటు అందేలా చూసే తిరుగు వైరు. థర్మోస్టాట్ చేసేదల్లా గది వేడి చూసి ఆ యంత్రానికి "ఆన్ అవ్వు, ఆగిపో" అని చెప్పడమే. మన స్ప్లిట్ ఏసీలో ఆ పని చేసే సెన్సరు, బోర్డు గదిలో ఉండే యూనిట్‌లోనే ఉంటాయి. రిమోట్ నొక్కితే సందేశం నేరుగా ఆ బోర్డుకే వెళుతుంది. బయటి నుంచి ఈ ఐదు వైర్లు తెచ్చి కలపడానికి మామూలు స్ప్లిట్ ఏసీలో చోటే ఉండదు. ఇన్వర్టర్ ఏసీ అయితే కంప్రెసర్ వేగాన్ని కూడా ఆ బోర్డే పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది.

"మా అల్లుడు అమెరికా నుంచి తెచ్చాడు, అక్కడ బాగా పనిచేసింది" అని ఎవరైనా అనొచ్చు. అక్కడ పనిచేసే ఉంటుంది. ఇక్కడ 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టినా తెర వెలుగుతుంది, గది వేడి చూపిస్తుంది, అంతే. ఏసీ మాత్రం దాని మాట వినదు. తెర మీద 75 అని కనిపిస్తే కంగారు పడకండి, అది ఫారెన్‌హీట్. మన లెక్కలో సుమారు 24 డిగ్రీలు. అసలు అక్కడి పాత ఇళ్లలోనూ సి వైరు లేక ఇది సతాయిస్తుంది: బ్యాటరీ దిగిపోవడం, వైఫై తెగిపోవడం.

ఇంకో రకం కూడా తిరుగుతోంది, దాంతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చదరంగా ఉంటుంది, నేరుగా 230 వోల్టులకే కలపాలి. 16 ఆంపియర్లు అని రాసి ఉంటుంది కాబట్టి ఎలక్ట్రీషియన్లు కూడా నమ్మేస్తారు. అది చలిదేశాల్లో నేల కింద పరిచే హీటింగ్ తీగల కోసం చేసింది. గది చల్లబడితే కరెంటు ఇస్తుంది, వేడెక్కితే ఆపేస్తుంది. కూలింగ్ మోడ్ లేని ఆ పరికరానికి ఏసీ తగిలిస్తే ఉక్కపోతలో ఏసీ ఆగిపోతుంది, గది చల్లబడ్డాక మొదలవుతుంది. పైగా నడుస్తున్న ఏసీకి మాటిమాటికీ కరెంటు తెంపడం కంప్రెసర్‌కి మంచిది కాదు. ఆగిన కంప్రెసర్ మళ్లీ మొదలవ్వాలంటే సుమారు మూడు నిమిషాలు విరామం ఉండాలి. స్మార్ట్ ప్లగ్‌తో ఏసీని ఆన్, ఆఫ్ చేసే అలవాటున్నవాళ్లకీ ఇదే మాట.

గీజర్ సంగతి. కోరాపుట్, సెమిలిగుడ వైపు చలికాలంలో గీజర్ లేనిదే గడవదు, అక్కడివాళ్లు తరచూ అడిగేది దీని గురించే. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 3000 వాట్లదైతే 13. ఆరు ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ పెడితే కరిగిపోవచ్చు. 16 ఆంపియర్లది, మంచి రకం, మంచి ఎర్తింగ్ ఉన్న సాకెట్‌కి టైమర్‌లా వాడుకోండి. గీజర్ లోపల ఉన్న థర్మోస్టాట్‌నీ, అతివేడికి తెగే కటౌట్‌నీ తీయించి ఈ స్మార్ట్ వస్తువు పెడతామని ఎవరన్నా అంటే మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. ట్యాంకులో ఒత్తిడి పెరిగితే ప్రాణాలకే ముప్పు.

మరి ఫోన్‌తో ఏసీ నడుపుకోవడానికి దారే లేదా అంటే, ఉంది. ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేసే స్మార్ట్ ఏసీ కంట్రోలర్. ఏసీ రిమోట్ పంపే సంకేతాన్నే ఇదీ పంపుతుంది. వైరింగ్ జోలికి వెళ్లక్కర్లేదు, ఫోన్ ఛార్జరు లాంటి అడాప్టరు చాలు. దీనికీ ఇబ్బందులున్నాయి, ముందే తెలుసుకుని కొనండి. ఏసీకి ఎదురుగా ఉండాలి, మధ్యలో బీరువా తలుపు అడ్డొచ్చినా పనిచేయదు. చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పడుతుంది, రౌటర్‌ 5 గిగాహెర్ట్జ్‌ మీదే ఉంటే కలవదు. కంట్రోలర్ చెబుతుందే గానీ, ఏసీ నిజంగా విన్నదో లేదో దానికి తెలియదు. ఇంట్లో ఎవరో మామూలు రిమోట్‌తో ఆపేస్తే యాప్‌లో ఇంకా ఆన్ అనే ఉండొచ్చు. కొనేముందు మీ ఏసీ మోడల్ నంబరు ఆ కంపెనీ జాబితాలో ఉందో లేదో చూడండి. గది వేడి కూడా కొలిచే రకమైతే, పడమటి ఎండ తగిలే గోడ మీద, ఫ్రిజ్ పైన పెడితే అది గదిని ఉన్నదానికన్నా వేడిగా లెక్కేసుకుంటుంది.

కరెంటు పోయి వచ్చిన తర్వాత ఏమవుతుందో తప్పకుండా అడగండి. కాలబైశాఖి గాలులకి మన వైపు వేసవి సాయంత్రాల్లో కరెంటు పోవడం మామూలే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి, రాయగడ జిల్లాల్లో చేసిన నష్టం మనకి గుర్తే. నెట్ లేనప్పుడు కేవలం యాప్ మీద నడిచే వస్తువు చేతులెత్తేస్తుంది. ఏసీ అసలు రిమోట్‌ని ఎప్పుడూ అందుబాటులో ఉంచుకోండి.

నెట్ మీద ఆధారపడే వస్తువుకి ఇంకో చిక్కుంది. ఈ రకానికి పేరు తెచ్చిన నెస్ట్ థర్మోస్టాట్ 2011లో వచ్చింది, 2014లో ఆ కంపెనీని గూగుల్ కొనుక్కుంది. 2025 అక్టోబరు 25 నుంచి మొదటి రెండు తరాల మోడళ్లకి సపోర్టు ఆపేశారు. గోడ మీద చేత్తో తిప్పితే పనిచేస్తాయి గానీ ఫోన్‌తో నడవవు. పాత మోడల్ చవగ్గా ఇస్తామంటే ఇది గుర్తుంచుకోండి.

బిల్లు సగానికి తగ్గుతుందన్న మాట నమ్మకండి. కరెంటు ఆదా వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెప్పే లెక్క ప్రకారం ఏసీ ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా. 20 మీద నడిపేవాళ్లు 24కి మారితే దగ్గర దగ్గర పాతిక శాతం. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఏసీలకి 24 డిగ్రీలే డిఫాల్ట్‌గా ఇవ్వాలన్న నిబంధన అందుకే వచ్చింది. ఈ ఆదాకి ఏ పరికరమూ అక్కర్లేదు. 24 మీద పెట్టి, ఫ్యాను వేసుకుని, ఫిల్టర్ కడుక్కుంటే చాలు. పిన్ని వాళ్లకి ఇప్పుడు అదే చేయిస్తున్నాం.

చిన్నాన్న వాపసు అడిగితే అమ్మినవాళ్లు "పెట్టె విప్పేశారు, కుదరదు" అన్నారు. ఆ సమాధానం చట్టం ముందు నిలబడదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించకూడదు. మన ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందిందని వాళ్లు చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అప్పటికీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేయండి. ఒడిశాలో ఉన్నా తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. చిన్నాన్న 1915లో ఫిర్యాదు పెట్టాక అమ్మినవాళ్లు సగం డబ్బు ఇస్తామంటూ దిగొచ్చారు. మొత్తం ఇవ్వాల్సిందేనని కూర్చున్నాం. ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకుని ఉండడం వల్లే మా మాటకి బలం వచ్చింది, ఎందుకంటే ఆ తర్వాత వాళ్లు ప్రకటనలోంచి ఏసీ ఫొటో తీసేశారు. మీరూ ఏది కొన్నా ప్రకటననీ, బిల్లునీ దాచుకోండి. విదేశీ వస్తువైతే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉండాలి. అవి లేని పెట్టెని విప్పకముందే ఫొటో తీయండి.

మీలో ఎవరైనా ఇప్పటికే దీన్ని గోడకి బిగించి, స్విచ్‌బోర్డు వైరు కలిపేసి ఉంటే, చేత్తో ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ఆ వైర్లు విప్పించి, కొసలకి టేపు చుట్టించాకే మెయిన్ వేయండి. ఏమాత్రం అనుమానం ఉన్నా వెనక ప్లేటు ఫొటో ఇక్కడ కామెంట్లో పెట్టండి, మావయ్యకి చూపించి చెబుతాను.