ఆయిల్ కూలర్‌కి రేకు మూతా, షట్టరా, థర్మోస్టాటా: ఏది మేలు?

సొంతంగా విమానం కట్టుకునేవాళ్ల గుబులంతా వేడి మీదే. మండుటెండలో పైకెక్కేటప్పుడు ఇంజిన్ ఆయిల్ వేడి చూపే ముల్లు ఎర్రగీత తాకుతుందేమోనని, ఆ ఆయిల్‌ని గాలితో చల్లబరిచే కూలర్ పెద్దది బిగిస్తారు. చలికాలం వచ్చేసరికి అదే ముల్లు 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర కదలకుండా కూర్చుంటుంది. చల్లగా ఉంటే మంచిదేగా అనుకుంటారు. కాదు. పిస్టన్ రింగులు దాటి కిందికి దిగే పొగలో నీటి ఆవిరి ఉంటుంది. ఆయిల్ బాగా కాగితేనే అది బ్రీదర్ గొట్టం గుండా బయటికి పోతుంది. లేకపోతే ఆయిల్లోనే మిగిలి ఆమ్లాలు తయారవుతాయి. లైకమింగ్ ఇంజిన్లలో క్యామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) పైభాగాన ఉంటుంది. ఇంజిన్ ఆపాక దాని మీది ఆయిల్ జారిపోతుంది కాబట్టి తుప్పు ముందు పట్టేది దానికే.

అందుకే రెండువైపులా హద్దు కావాలి. సాధారణంగా లైకమింగ్‌కి గరిష్ఠం 118 డిగ్రీలు, క్రూజ్‌లో (ఒకే ఎత్తులో సాగేటప్పుడు) 82 నుంచి 93 మధ్య ఉంటే హాయి. రోటాక్స్ 912 ఇంజిన్‌కి 90 నుంచి 110 దాకా మామూలు. ఎగిరిన రోజు ఒక్కసారైనా 100 తాకాలని తయారీదారే చెబుతారు.

చలికాలపు రేకు అన్నిటికన్నా సులువు. కూలర్‌లో కొంత భాగానికి అల్యూమినియం రేకు అడ్డం బిగించడమో, టేపు అంటించడమో. బరువు లేదు, కదిలే భాగం లేదు. కానీ నేల మీద ఒకసారి పెట్టిన కొలతే ఆ ప్రయాణమంతా. పొద్దున్నే వణికే చలిలో బయల్దేరి మధ్యాహ్నం ఎండలో మళ్లీ పైకెక్కాల్సి వస్తే, గాల్లో ఉండగా ఆ రేకు తీసేవాళ్లెవరు? రోజంతా వాతావరణం ఒకేలా ఉండేచోట, దగ్గర ప్రయాణాలకు మాత్రం రేకు చాలు.

థర్మోస్టాట్ తనంతట తాను పనిచేస్తుంది, పైలట్‌కి గుర్తుండక్కర్లేదు. లైకమింగ్‌లో ఈ పని వెర్నాథెర్మ్ అనే, వేడికి కదిలే వాల్వు చేస్తుంది. సుమారు 85 డిగ్రీల దగ్గర, కూలర్‌ని తప్పించే పక్కదారి మూసి ఆయిల్‌ని కూలర్‌లోకి పంపుతుంది. అయితే చల్లగా ఉన్నప్పుడు కూడా కొంత ఆయిల్ కూలర్‌లోకి పోతూనే ఉంటుంది కాబట్టి, కూలర్ మరీ పెద్దదైతే వెర్నాథెర్మ్ ఒక్కటే కాపాడలేదు. ఇంకో మాట: వేసవిలో ఆయిల్ కాగిపోతుంటే కొత్త కూలర్ కొనేముందు వెర్నాథెర్మ్ తీసి, అది ఆనే సీటు అరిగిందేమో చూడండి. అక్కడ సందుంటే వేడి ఆయిల్ కూలర్ మొహం చూడకుండానే తిరిగొస్తుంది, ఎంత పెద్ద కూలర్ పెట్టినా ఫలితం ఉండదు.

రోటాక్స్ 912కి థర్మోస్టాట్ విడిగా అమర్చుకోవాలి, ఇక్కడ నాకు కొంత భయం. ఆ ఇంజిన్‌లో పంపు ట్యాంకులోని ఆయిల్‌ని కూలర్ గుండా పీల్చుకుంటుంది. పీల్చే వైపు ప్రతి ఇరుకు మలుపూ, ప్రతి కొత్త జాయింటూ పంపుకి భారమే, గాలి దూరే అవకాశమే. అమర్చాక వ్యవస్థలోని గాలంతా తీసి, పీల్చే గొట్టంలో ఒత్తిడి ఎంత పడుతోందో కొలవకుండా ఎగరకూడదు.

ఇక నేను ఎంచుకునేది షట్టర్. కూలర్ ముందో వెనకో పలకలు, లేదా గాలి గొట్టంలో ఒక తిరిగే బిళ్ల, కాక్‌పిట్ నుంచి కేబుల్. ఆయిల్ దారిలో ఏదీ కోయక్కర్లేదు, కొత్త జాయింట్ ఒక్కటీ పడదు. చెడిపోతే గాలి దారి చెడుతుంది గానీ ఆయిల్ కారదు. పైగా మూసినప్పుడు కూలర్‌కి పోయే గాలి సిలిండర్లకు మిగులుతుంది. బిళ్ల పూర్తిగా తెరిచినా కాస్త అడ్డమే, ఆ నష్టం ముందే లెక్కేసుకోవాలి. కేబుల్ తెగితే స్ప్రింగు దాన్ని తెరిచిన స్థితికే లాగాలి, ఇందులో రాజీ వద్దు. టేకాఫ్ చెక్‌లిస్టులో "షట్టర్ తెరిచి ఉంది" అన్న గీటు ఉండాలి, ఎందుకంటే దీని అసలు బలహీనత మనిషి మరుపే.

గడ్డకట్టే చలిలో ఎగిరేవాళ్లకు షట్టర్ వల్ల ఇంకో లాభం. కూలర్‌లో ఆయిల్ చలికి చిక్కబడి గడ్డకడితే దాని గుండా ప్రవాహం తగ్గి, ఇంజిన్‌లో ఆయిల్ వేడెక్కడం మొదలవుతుంది. ముల్లు పైకి పోతుంటే ఎవరి చెయ్యైనా తెరవడానికే పోతుంది. అప్పుడు చేయాల్సింది మూయడం. కూలర్ కాస్త వెచ్చబడగానే ఆయిల్ మళ్లీ పారుతుంది.

ఈ మూడూ వేడిని తగ్గనివ్వకుండా ఆపేవే, పెరిగిన వేడిని దించేవి కావు. షట్టర్ బార్లా తెరిచినా వేసవిలో ముల్లు దిగకపోతే బాఫిల్ సీళ్లు (ఇంజిన్ చుట్టూ గాలిని మళ్లించే రేకుల అంచుల్లోని పట్టీలు) చూడండి. సీలు మడతపడిన చోట గాలి కూలర్‌లోకి రాకుండా నేరుగా కిందికి పోతుంది. దానికీ ముందు సెన్సర్ విప్పి మరిగే నీళ్లలో ముంచండి. సముద్రమట్టానికి దగ్గరగా ఉంటే ముల్లు 100 చూపాలి.